రాయి తగిలిందని రాసిన మా సారు

సారు పోయిన సంగతి నాకు తిరుమలగిరి నుంచి వచ్చే పొద్దుటి బస్సు కండక్టరు చెప్పాడు. మోత్కూరులో మా బడి బస్సు ఆగే చోటుకు ఎదురుగానే ఉంటుంది. పిల్లలు ప్రార్థనకు వరుసలు కడుతుంటే అతను బస్సు దిగి గేటు దాకా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"టీచరమ్మా, మీ సారు పోయిండు. పొద్దుగాల పాలు పోసేటామె తలుపు కొడితె తియ్యలేదట. జర తొందరగ పోండ్రి. ఆయనకు ఈడ ఎవరున్నరు?" అన్నాడు.

ఆయనకు ఇక్కడ ఎవరూ లేరు. పదిహేనేళ్లకు పైగా ఈ జిల్లాలో ఉండి కూడా ఎవరూ లేకుండానే ఉన్నారు. పిల్లలను తోటి టీచరుకు అప్పగించి, నేను తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆయన బతుకు ఎప్పుడో ఆగిపోయిందని, ఊపిరి మాత్రమే ఆలస్యంగా ఆగిందని నాకు తెలుసు.

మీలో కొందరికి మా సారు తెలిసే ఉంటారు. తిరుమలగిరి బడిలో లెక్కలు చెప్పే పంతులు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి, తెల్లటి పంచె, చేతిలో ఎప్పుడూ గొడుగు. అంతవరకే తెలిసి ఉంటుంది. ఆయన ఇంగ్లీషు చెప్పడానికి కృష్ణ దాటి వచ్చినవారని, ఆ భాషను ఆయనంత ఇష్టంగా చెప్పినవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని, తర్వాత ఒక్క ముక్క కూడా తరగతిలో పలకకుండా ఉండిపోయారని తెలిసినవాళ్లం కొద్దిమందిమే. అందుకే రాస్తున్నాను.

మాది ఆలేరు. బాపు ఆముదాలు, పల్లీలు కొని రైలుకెత్తించే చిన్న వ్యాపారి. ఇంటి ముందరి రెండు గదులు కిరాయికి ఇచ్చేవాళ్లం. నిజాం రాజ్యం పోయిన కొత్త. అప్పటిదాకా బడిలో ఉర్దూ నడిచింది. ఒక్కసారిగా తెలుగు వచ్చింది, దాని వెనుకే ఇంగ్లీషు వచ్చింది. చెప్పేవాళ్లు ఇక్కడ దొరకలేదు. అట్లా వచ్చారు సారు, కొత్తగా పెళ్లయిన భార్యతో, ఒక ట్రంకుపెట్టెతో, రెండు ఆవకాయ జాడీలతో.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. మా అన్నను ఆమె తమ్ముడూ అని పిలిచేది. ఆమెకు సొంత తమ్ముడు ఒకడున్నాడు, ఇంచుమించు మా అన్న ఈడువాడే. మొదట్లో మా జొన్నరొట్టె ఆమెకు గొంతు దిగేది కాదు. తర్వాత మా అమ్మ దగ్గర కూర్చుని రొట్టె కొట్టడం నేర్చుకుంది. రొట్టె చిరిగిపోయినప్పుడల్లా అమ్మ, "నీ చేతులు వరన్నం చేతులు బిడ్డా" అని నవ్వేది. అన్న బడి నుంచి వస్తూనే ముందు గదుల్లోకి తొంగి చూసేవాడు. అక్క వేడి అన్నంలో ఆవకాయ కలిపి ముద్ద చేతిలో పెట్టేది. అమ్మ కోప్పడేది, "మన ఇంట్ల తిండి లేదానురా" అని. అయినా మానేవాడు కాదు.

సారుకు సాయంత్రం పూట ఊరికే కూర్చోవడం చేతకాదు. బయటి అరుగు మీద చాప వేసి అన్నకూ నాకూ ఇంగ్లీషు చెప్పేవారు. ఆడపిల్లకు ఎందుకని బాపు అడిగితే, "విననివ్వండి. వింటే పోయేదేముంది" అన్నారు. పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు. పాఠం అయిపోయాక ఒక లవంగం నోట్లో వేసుకుని, అది నమిలినంతసేపూ మాట్లాడేవారు కాదు. ఆ మౌనం కూడా పాఠంలో భాగమే అనుకునేదాన్ని.

ఒకరోజు నా చేతిలోంచి గాజుగ్లాసు జారింది. లోపలి నుంచి అమ్మ, "ఏంది పలిగింది?" అని అడిగింది.

"గిలాస పలిగిందమ్మా" అన్నాను.

సారు నవ్వారు. "చూశావా అమ్మాయ్, మన తెలుగు ఎంత దయగల భాషో. గ్లాసు దానంతట అదే పగిలింది. నువ్వు అందులో ఎక్కడా లేవు" అన్నారు.

అక్కడి నుంచి పాఠం మొదలైంది. పగిలింది, పగలగొట్టాను. విరిగింది, విరిచాను. కాలింది, కాల్చాను. తగిలింది, కొట్టాను. మనకు పనిని చెప్పే మాటలోనే మనిషి ఉన్నాడా లేడా అన్నది తెలిసిపోతుందన్నారు. ఇంగ్లీషువాడు మాత్రం చాలాసార్లు పని పక్కన ఇంకో మాట పెట్టి, ఆ పని చేసినవాడి మనసును చెబుతాడట. ఆ మాటలు ఒక్కొక్కటే చెప్పారు. ఆన్ పర్పస్ అంటే చిన్నపిల్లలు కూడా అనేది, కావాలని చేశాడని. ఇంటెన్షనల్లీ కొంచెం పెద్దవాళ్ల మాట, ఉద్దేశం పెట్టుకుని చేసినది. నోయింగ్లీ అంటే ఏం జరుగుతుందో తెలిసి, తెలిసి కూడా ఆగకపోవడం. విల్‌ఫుల్లీ అంటే వద్దన్నకొద్దీ చేయడం.

"జిద్దుకు చేసుడా సార్?" అన్నాడు అన్న.

"జిద్దు అంటే?"

"మొండికి సార్. మీరు వద్దన్నరు గాబట్టే చేస్త అన్నట్టు."

సారు ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నారు. "మంచి మాట. మా వైపు ఇంత పొట్టి మాట లేదు" అన్నారు. అన్న ముఖం వెలిగిపోయింది. ఇప్పటికీ ఆ ముఖం నాకు గుర్తుంది.

చివర చెప్పినది డెలిబరేట్లీ. "ఇది అన్నిటికన్నా బరువైన మాట. మీ నాన్నగారు తక్కెడలో ఆముదాలు తూస్తారు చూడు, అట్లా మనసులో ఒక పక్క చేయడం, ఒక పక్క మానడం పెట్టి, ముల్లు ఎటు మొగ్గుతుందో చూసి అప్పుడు చేసే పని. కోపంలో చేసినది దీని కిందికి రాదు. దీనికి తీరిక కావాలి" అన్నారు.

సారులో మంచి తప్ప ఇంకేమీ లేదని రాస్తే ఆయన ఒప్పుకోరు. ఆయనకు మా తెలుగంటే చిన్నచూపు ఉండేది. ఇంట్లో అన్న చెప్పిన మాటకు సంబరపడిన మనిషే, బడిలో నలుగురి ముందు వేరేగా ఉండేవారు. ఒకనాడు అన్న తరగతిలో నిలబడి ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చెబుతూ "ఆయన గిట్ల జేసిండు" అన్నాడట. సారు అదే గొంతుతో, అదే యాసతో తిరిగి అన్నారట. తరగతి అంతా నవ్వింది. ఆలేరు పిల్లలే, అదే యాస మాట్లాడే పిల్లలే నవ్వారు. అన్న ఆ సాయంత్రం ముందు గదుల్లోకి తొంగి చూడలేదు. అక్క పిలిచినా కడుపునొప్పి అన్నాడు.

ఆ ఏడే ముల్కీ గొడవలు వచ్చాయి. ముల్కీ అంటే ఈ గడ్డవాడు, నాన్ ముల్కీ అంటే బయటి నుంచి వచ్చినవాడు. ఉన్న కొలువులు కొద్ది. వాటిలో తప్పుడు సర్టిఫికెట్లతో బయటివాళ్లు చేరుతున్నారని, చదువుకున్న మా పిల్లలు ఖాళీగా ఉన్నారని వరంగల్లులో విద్యార్థులు లేచారు. రైలు మార్గం పట్టుకుని ఆ వేడి మా ఊరిదాకా వచ్చింది. ఆ కోపం ఊరికే పుట్టింది కాదు. సారే ఒకరోజు బాపుతో, "వాళ్లు అడుగుతున్నది న్యాయమేనండీ. నేను వాళ్ల వైపు ఉండాల్సినవాణ్ణి, కానీ వాళ్లు ఎవరికి వ్యతిరేకమో ఆ మనిషిని నేనే" అన్నారు. బాపుకు అర్థం కాలేదు. నాకూ ఆ వయసులో అర్థం కాలేదు.

గుంపు మా ఇంటి ముందుకు వచ్చిన రోజు బడి లేదు. నాన్ ముల్కీ గో బ్యాక్ అని అరుస్తూ రోడ్డు నిండా వచ్చారు. బాపు తలుపులన్నీ వేయించి, మమ్మల్ని వెనక వంటింట్లో కూర్చోబెట్టారు. రాళ్లు తలుపుకు తగులుతున్న చప్పుడు వినిపించింది. గుంపులో అన్న ఉన్నాడని మాకు తెలుసు. "మీ ఇంట్లనే పెట్టుకున్నరు గదరా, కిరాయి తింటున్నరు గదరా" అని తోటివాళ్లు అతన్ని అంటుండటం కూడా వినిపించింది.

అప్పుడు ముందు గది తలుపు తీసిన చప్పుడైంది. అక్క అరుగు మీదికి వచ్చింది. గుంపులో మా అన్న కనిపించాడని వచ్చింది. "తమ్ముడూ, లోపల అమ్మావాళ్లు భయపడుతున్నారు. వీళ్లను తీసుకుని వెళ్లిపో నాయనా" అంది. ఆ గొంతులో భయం లేదు. ముద్ద తినడానికి పిలిచిన గొంతులాగే ఉంది.

తర్వాత వినిపించింది అక్క అరుపు కాదు. గుంపు ఒక్కసారి ఊరుకున్న నిశ్శబ్దం. మేము పరుగెత్తుకెళ్లేసరికి రోడ్డు ఖాళీ. అక్క గోడకు ఆనుకుని కూర్చుని రెండు చేతులతో ఎడమకన్ను మూసుకుని ఉంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. సారు ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఆమెను ముట్టుకోవడం లేదు. చేతులు గాల్లో ఉన్నాయి.

మధ్యాహ్నం రైల్లో పట్నం దవాఖానకు తీసుకుపోయారు. కన్ను పోయిందని అక్కడ చెప్పారు.

ఊళ్లో ఆ రోజు నుంచి ఒకటే మాట. "పాపం, సారు పెండ్లానికి రాయి తగిలిందట." కిరాణా కొట్టులో అదే, బావి దగ్గర అదే. మా అమ్మ కూడా ఏడుస్తూ, "తగలరాని జాగల తగిలింది బిడ్డా" అంది. కొట్టారన్న మాట ఎవరి నోటా రాలేదు. రాయి దానంతట అదే రోడ్డు మీద నుంచి లేచి వచ్చి తగిలినట్టే మాట్లాడుకున్నారు.

పోలీసులు మాత్రం అన్నను, ఇంకో ఇద్దరిని పట్టుకుపోయారు. రాయి విసిరినవాడు అన్నే అని ఆ ఇద్దరూ చెప్పారు. బాపు పట్నం వెళ్లి, దవాఖాన వరండాలో సారు ముందు నేల మీద కూర్చున్నారట. తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకుని, "సార్, ఒక్కగానొక్క కొడుకు. జైలుకు పోతే మళ్ల మనిషి కాడు. నీ కాల్మొక్కుత" అన్నారట. సారు బాపును చేయి పట్టి లేపారు, అంతే.

సారు సాక్ష్యం రాసుకోవడానికి అమీను మా ఇంటికే వచ్చాడు. ఊళ్లో పోలీసు అధికారిని అప్పుడు అమీను అనేవాళ్లు. అతనికి తెలుగు చదవడం రాదు. సారుకు ఉర్దూ రాదు. అందుకని ఇంగ్లీషులో రాసివ్వమన్నాడు. సారు చాప మీద కూర్చుని, మోకాలి మీద పలక అడ్డం పెట్టుకుని రాశారు. నేను మంచినీళ్లు తెచ్చి వెనక నిలబడ్డాను. రాయి, అబ్బాయి, నా భార్య, ఎడమకన్ను, అన్ని మాటలూ గబగబా వచ్చేశాయి. ఒక్క చోట కలం ఆగింది. చాలాసేపు ఆగింది. నిబ్బు కొన మీద సిరా ఎండిపోతే మళ్లీ ముంచుకున్నారు. తర్వాత రాశారు. యాక్సిడెంటల్లీ.

అమీను ఆ మాట మీద వేలు పెట్టి, పిల్లవాడు కావాలని కొట్టలేదనే గదా పంతులు అంటున్నది అని బాపును ఉర్దూలో అడిగాడు. బాపు తెలుగులో సారును అడిగారు. సారు తల ఊపారు. ఆయన నోటితో మాత్రం ఆ మాట అనలేదు.

అన్న మర్నాడే ఇంటికి వచ్చాడు. అమ్మ అతని తలకు నూనె పెట్టి స్నానం చేయించింది.

అక్క కొన్ని వారాల తర్వాత వచ్చింది. ముఖం సగం కట్టుతో ఉంది. సారు నీళ్ల కోసం బావికి వెళ్లిన సమయం చూసి నన్ను దగ్గరికి పిలిచింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"మీ సారు ఏదో రాసిచ్చారటగా. నీకు నేర్పిన మాటల్లో ఏది రాశారు?" అంది.

"నాకు నేర్పినయి కాదక్కా. వేరేది. యాక్సిడెంటల్లీ."

"అంటే?"

"అనుకోకుంట అని."

అక్క ముఖానికి ఉన్న కట్టును వేళ్లతో తడిమి చూసుకుంది. తర్వాత మెల్లగా, "కన్ను నాది. మాట ఆయన రాశారు" అంది. ఇంకొంచెంసేపటికి, "వాడు నన్ను చూశాడే. చూసి కొట్టాడు. ఊరంతా తగిలింది తగిలింది అంటుంటే ఊరి మాటేలే అనుకున్నాను" అంది. ఏడవలేదు. కట్టు ఉన్న కన్ను ఏడవకూడదని డాక్టరు చెప్పాడట.

వాళ్ల నాన్న వచ్చి తీసుకుపోయాడు. స్టేషనుకు అమ్మా నేనూ వెళ్లాం. సారు పెట్టె మోశారు. రైలు కదిలేదాకా ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మా అమ్మ కొట్టిచ్చిన జొన్నరొట్టెల మూట మాత్రం ఒళ్లో పెట్టుకుంది. అన్న ఆ రోజు ఇంట్లోంచి బయటికే రాలేదు.

సారు ఆ ఏడు చివర్లో మారుమూలకు బదిలీ వేయించుకుని తిరుమలగిరి వెళ్లిపోయారు. సొంత జిల్లాకు పోయే వీలు వచ్చినా పోలేదని తర్వాత విన్నాను. అక్కడ లెక్కల పంతులు లేడంటే లెక్కలు చెబుతానన్నారు. ఇంగ్లీషు ఇంకొకరికి ఇచ్చేశారు. ఒకే గది, ఒక కిరసనాయిలు పొయ్యి, ఒక మంచం. ఏటా ఎండాకాలం సెలవుల్లో అక్క ఊరికి వెళ్లేవారు. ఆమె పుట్టింటి వసారాలో కూర్చునేవారు. ఆమె ఆకు వేసి అన్నం వడ్డించేది. కావలసినది చూసి వేసేది, ఏది ఇష్టమో మరిచిపోలేదు. మాట మాత్రం లేదు. పది రోజులుండి తిరిగి వచ్చేవారు. ఇదంతా ఆయనే నాకు చెప్పారు, ఎవరో మూడో మనిషి సంగతి చెప్పినట్టు.

నేను మెట్రిక్ పాసై, టీచరు ట్రైనింగు చేసి, మోత్కూరులో ఉద్యోగంలో చేరాక ఆయన్ను చూడటానికి వెళ్లడం మొదలుపెట్టాను. అరుగు మీద ఆయన చెప్పిన పాఠాల పుణ్యాన్నే నాకు ఈ కొలువు దొరికింది. ఆ మాట చెబితే తల అడ్డంగా ఊపేవారు. వెళ్లిన ప్రతిసారీ, "మీ అన్న బాగున్నాడా?" అని అడిగేవారు. "బాగున్నడు సార్" అనేదాన్ని. నిజంగానే బాగున్నాడు. రెవెన్యూలో కొలువు, పెళ్లి, ఇద్దరు పిల్లలు. ఒక్కసారి కూడా సారు దగ్గరికి రాలేదు.

పోయిన చలికాలం ఆయనకు దగ్గు ఎక్కువైంది. మందులు తీసుకుని వెళ్లాను. గొంగడి కప్పుకుని మంచం మీద కూర్చున్నారు. బడిలో మా పిల్లలకు ఏ పాఠం నడుస్తోందని అడిగారు. పనులు ఎట్లా జరిగాయో చెప్పే మాటలు, కావాలని, తెలిసి, పొరపాటున, అవి చెబుతున్నానన్నాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను.

ఆయన గోడ వైపు తిరిగారు. తర్వాత, "నేను కిటికీలోంచి చూశాను అమ్మాయ్" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు.

"మీ అన్న ఆమెను చూశాడు. ఆమె పిలిచింది. వాడు చూసి విసిరాడు. నాకు స్పష్టంగా కనిపించింది. తెలిసే అబద్ధం రాశాను. కోపంలో కాదు, భయంలో కాదు. కలం ఆపి, ఆలోచించి రాశాను. నా పనికి ఏ మాట వాడాలో నీకు చెప్పనక్కర్లేదు."

"అన్నను కాపాడిండ్రు సార్" అన్నాను.

"అట్లాగే అనుకున్నాను. ఆ రాయిలో నా వంతు కూడా ఉందని అనుకున్నాను. తరగతిలో వాడి మాటను వెక్కిరించింది నేను. అది కూడా కావాలనే చేశాను, నలుగురూ నవ్వాలని. అందుకే పిల్లవాడి బతుకు నిలబెడదామనుకున్నాను." దగ్గు వచ్చి ఆగారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతు బాగా కిందికి పోయింది. "కానీ ఆ ఒక్క మాటతో ఆమెకు జరిగింది జరగనట్టే అయింది. వాడికి ఒప్పుకునే దారీ మూసుకుపోయింది. కొట్టానని వాడు ఎవరితో చెప్పుకుంటాడు? తగిలిందని నేనే కాగితం రాసిచ్చాను కదా. ఇద్దరికీ తలుపులు వేసి నేను బయట నిలబడ్డాను."

నేను ఆయన పాదాల మీద గొంగడి సర్దాను. సారు తప్పు లేదని చెప్పాలనుకున్నాను. కన్ను నాదన్న అక్క మాట గుర్తుకొచ్చి చెప్పలేదు.

ఆ వారమే నల్లగొండ వెళ్లి అన్నను కలిశాను. వదిన చాయ్ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు అడిగాను, "ఆ దినం అక్కను చూసే ఇసిరినవా?" అని.

అన్న చేతిలో పేపరు మడతపెట్టాడు. తల ఎత్తలేదు. "రాయి తగిలిందని సారే రాసిండు గద. అన్నేండ్ల తర్వాత నన్నెందుకు అడుగుతవ్?" అన్నాడు. మడతపెట్టిన పేపరునే మళ్లీ మళ్లీ మడిచాడు. అది చూసి నేను ఇంకోసారి అడగలేకపోయాను. సారు చెప్పిన మూసుకుపోయిన తలుపు నాకు అప్పుడు కళ్లకు కట్టింది. అన్న దాని వెనక సుఖంగా ఏమీ లేడు. అట్లాగని బయటికీ రాలేడు.

ఈ సంగతి సారుకు చెప్పలేదు. తర్వాత రెండుసార్లు వెళ్లినా, మీ అన్న బాగున్నాడా అని ఆయన అడగడం మానేశారు.

నేను తిరుమలగిరి చేరేసరికి గది ముందు బడిపిల్లలు నిలబడి ఉన్నారు. ఎండలు ముదిరిన రోజులు, ఎక్కువసేపు ఉంచే వీలు లేదు. అక్కకు తంతి కొట్టించాం కానీ ఆమె వచ్చేదాకా ఆగలేకపోయాం. కొరివి పెట్టడానికి ఎవరూ లేకపోతే, పక్కింటి కమ్మరాయన, "నా కొడుకుకు లెక్కలు జెప్పిండు. నేను పెడ్త" అని ముందుకొచ్చాడు. అన్నకు కబురు చేశాను. రాలేదు.

అక్క మూడో రోజు సూర్యాపేట మీదుగా బస్సులో వచ్చింది, వాళ్ల తమ్ముడు వెంట ఉన్నాడు. జుట్టు సగం తెల్లబడింది. గదిలోకి వెళ్లి మంచం పట్టె మీద చేయి వేసి నిలబడింది. ఉతికి మడతపెట్టిన పంచెలు ఒక్కొక్కటే తీసి చూసి, మళ్లీ అట్లాగే పెట్టింది. వాళ్ల తమ్ముడు కమ్మరాయనతో మాట్లాడటానికి బయటికి వెళ్లాక, "చివర్లో ఏమన్నా అన్నారా?" అని నన్ను అడిగింది.

చెప్పాలా వద్దా అని నేను తేల్చుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. "సారు కిటికీలకెళ్లి చూసిండట అక్కా. అన్న చూసే ఇసిరిండని సారుకు ఎరికేనట. ఎరికె ఉండే రాసిండట."

అక్క ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు" అంది. "మీ అన్న చెయ్యెత్తగానే, ఈయన్ను పిలుద్దామని కిటికీ వైపు తిరిగాను. ఈయన అక్కడే నిలబడి చూస్తున్నారు. మళ్లీ ఇటు తిరిగాను, అంతే. రెండు కళ్లతో నేను చివరిసారి చూసింది ఈయన మొహమేనే." పంచెల మీద చేయి ఉంచి, "ఏటా వచ్చేవారు. ఈసారైనా చెబుతారు, చూశానని ఒక్క మాట అంటారు అని ఎదురుచూసేదాన్ని. ఆ మాట నీకు చెప్పారు" అంది.

ఆమె గొంతులో నా మీద కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతామన్నారు. ఒక పంచె మాత్రం సంచిలో పెట్టుకుంది. కమ్మరాయన, పాలు పోసే ఆమె, నలుగురు బడిపిల్లలు, నేను రోడ్డు దాకా వెళ్లాం. అక్క బస్సెక్కి ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చుంది. మేము నిలబడింది అటువైపే. కమ్మరాయన చేతులు జోడించాడు. పిల్లలు చెయ్యి ఊపారు. నేను "అక్కా" అని పిలిచాను, ఇంజను చప్పుడులో ఆ పిలుపు నాకే వినిపించలేదు. ఆమె నేరుగా ముందుకు చూస్తూ కూర్చుంది. మా వైపు ఆమెకు కనిపించదని పిల్లలకు తెలియదు. బస్సు మలుపు తిరిగి, దుమ్ము కిందికి దిగేదాకా వాళ్లు చేతులు ఊపుతూనే ఉన్నారు.